బడిలో పొద్దుటి టిఫిన్: మధ్యాహ్న భోజనానికి ఉన్న దన్ను దీనికి ఎందుకు లేదు?

రాత్రి 8 గంటలకు అన్నం తిని పడుకున్న పిల్ల, మర్నాడు ఏమీ తినకుండా బడికి వచ్చి, మధ్యాహ్నం 12:30కి మళ్లీ పళ్లెం ముందు కూర్చుంటుంది. మధ్యలో గడిచింది పదహారున్నర గంటలు. ఆ వ్యవధిలో ఆమె నిద్ర లేచి, నీళ్లు పట్టి, తమ్ముడిని తయారుచేసి, కిలోమీటరో రెండు కిలోమీటర్లో నడిచి, ప్రార్థనలో నిలబడి, లెక్కల పాఠం వింటుంది. లెక్కలు, భాష లాంటి గట్టి పాఠాలన్నీ పొద్దుటి పీరియడ్లలోనే పెడతారు. అంటే పిల్లల కడుపులో ఏమీ లేని వేళకే బరువైన చదువు పడుతోంది.

పేదింట్లో పొద్దున పొయ్యి వెలగకపోవడానికి కారణం ప్రతిసారీ బియ్యం లేకపోవడం కాదు. రేషన్ బియ్యం డబ్బాలో ఉంటాయి, వండే మనిషికి వేళ ఉండదు. పత్తి ఏరే రోజుల్లో, మిరపకోతల్లో తల్లి ఏడింటికల్లా ఆటో ఎక్కాలి. రాత్రి మిగిలితే చద్దన్నం, మిగలకపోతే ఒక చాయ్, రెండు బిస్కెట్లు. చాయ్ ఆకలిని కాసేపు చంపుతుందే తప్ప శక్తినివ్వదు. పైగా అందులోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం. ఒకటో తరగతిలో చేరేది ఆ పిల్లలే.

అందుకే బడిలో ఉచితంగా టిఫిన్ పెట్టాలన్న మాట పదేపదే ముందుకొస్తోంది. తమిళనాడు పెడుతోంది. తెలంగాణ 2023లో మొదలుపెట్టింది, ఆ తర్వాత అది ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో రాగి జావ ఉంది, టిఫిన్ లేదు. ఈ తేడా వంటకాల పట్టికలో కనిపించదు. చట్టం, పద్దు, పొద్దున 6 నుంచి 8:45 దాకా పనిచేసే మనుషులు, ఈ మూడు చోట్ల చూస్తే కనిపిస్తుంది.

మూడు మాటలు, మూడు వేర్వేరు సంగతులు

మధ్యాహ్న భోజనం, అల్పాహారం, అదనపు పోషకాహారం అనే మూడింటినీ కలిపి మాట్లాడటం వల్లే సగం గందరగోళం.

మధ్యాహ్న భోజనం హక్కు. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో ప్రతి ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలో వండిన భోజనం తప్పనిసరైంది. రోజుకు కనీసం 300 క్యాలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రొటీన్, ఏడాదికి కనీసం 200 రోజులు అని కోర్టు లెక్క కట్టి చెప్పింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం దాన్ని ఎనిమిదో తరగతి వరకు చట్టబద్ధం చేసింది. ఇప్పుడు పీఎం పోషణ్ పేరుతో నడుస్తున్నది అదే. ప్రాథమిక తరగతులకు 450 క్యాలరీలు, 12 గ్రాముల ప్రొటీన్, ప్రాథమికోన్నత తరగతులకు 700 క్యాలరీలు, 20 గ్రాముల ప్రొటీన్ దాని కొలమానం.

ఇంతకన్నా ముఖ్యమైన నిబంధన ఒకటుంది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. బడి నడిచిన రోజున భోజనం పెట్టకపోతే, ఆ పిల్లలకు రావలసిన ధాన్యం, వంట ఖర్చు ఆహార భద్రతా భత్యంగా చెల్లించాలని 2015 నియమాలు చెబుతున్నాయి. మరుసటి నెల 15వ తేదీలోగా ఇవ్వాలని గడువు కూడా పెట్టాయి. ఎక్కడికక్కడ ఇది సరిగ్గా అమలవుతోందా అన్నది వేరే ప్రశ్న. కానీ ప్రభుత్వం బాకీ పడుతుందన్న మాట కాగితం మీద ఉంది.

అల్పాహారం హక్కు కాదు, పథకం. రాష్ట్ర ప్రభుత్వం ఒక జీవోతో మొదలుపెడుతుంది, బడ్జెట్‌లో డబ్బు పెట్టకపోతే ఆగుతుంది. ఆగిన రోజున పిల్లలకు ఎవరూ ఏమీ బాకీ ఉండరు.

ఇక గుడ్డు, పల్లీ చిక్కీ, పాలు, రాగి జావ లాంటివి అదనపు పోషకాహారం. ఆంధ్రప్రదేశ్ 2023 మార్చిలో వారానికి మూడు రోజుల రాగి జావ మొదలుపెట్టింది. కర్ణాటక 2013 నుంచి క్షీర భాగ్య కింద పాలు ఇస్తోంది. ఇవి మంచివే, అయితే కడుపు నింపేవి కావు. 10 గ్రాముల రాగి పిండి, 10 గ్రాముల బెల్లంతో కాచిన గ్లాసెడు జావలో 70 క్యాలరీల చిల్లర ఉంటాయి. ఇడ్లీ సాంబారు, ఉప్మా, పొంగలి లాంటి పూట టిఫిన్‌లో సుమారు 300 ఉంటాయి. జావ ఇస్తున్నాం కాబట్టి టిఫిన్ ఇచ్చినట్టే అన్న వాదన ఈ లెక్క దగ్గర నిలవదు. జావలో ఉన్న కాల్షియం ఉప్మాలో లేదు, అదీ నిజమే. ఆకలి తీర్చడం, పోషకలోపం తీర్చడం రెండు పనులు.

2020 జాతీయ విద్యా విధానం అల్పాహారం పెట్టాలని చెప్పింది. వేడి టిఫిన్ కుదరని చోట వేరుశనగలో శనగలో బెల్లంతో కలిపి, స్థానికంగా దొరికే పళ్లతో ఇవ్వొచ్చంది. దాన్ని మధ్యాహ్న భోజనంలో కలపడానికి ఏటా సుమారు 4,000 కోట్లు కావాలని విద్యాశాఖ అడిగితే ఆర్థికశాఖ ఒప్పుకోలేదని 2021లో వార్తలొచ్చాయి. ఆ రోజు నుంచి అల్పాహారం పూర్తిగా రాష్ట్రాల భుజాల మీదే ఉంది.

తమిళనాడు ఏం చేసింది

అన్ని చర్చల్లోనూ ఉదాహరణ తమిళనాడే. ఆ కథకు ఒక తెలుగు కొస కూడా ఉంది. 1920లో మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్‌లోని తన బడిలో పిల్లలకు టిఫిన్ పెట్టాలని తీర్మానించింది. తలకు రోజుకు అణాకు మించకూడదన్నది షరతు. అప్పుడు కార్పొరేషన్‌ను నడిపిన పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టినవారు. ఆ తర్వాత కామరాజ్, ఎంజీఆర్ మధ్యాహ్న భోజనాన్ని విస్తరించారు.

ఇప్పటి పథకం 2022 సెప్టెంబర్ 15న మదురైలో మొదలైంది. మొదటి విడతలో 1,545 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు, 1,14,095 మంది పిల్లలు, 33.56 కోట్ల రూపాయలు. 2023 ఆగస్టు 25న రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ, 2024 జూలైలో గ్రామీణ ఎయిడెడ్ పాఠశాలలకు, 2025 ఆగస్టులో పట్టణ ఎయిడెడ్ పాఠశాలలకు విస్తరించింది. ఇప్పుడు తింటున్నది దాదాపు 20 లక్షల మంది. ఒక్క దెబ్బకు రాష్ట్రమంతా ప్రకటించకుండా, మూడేళ్లలో నాలుగు మెట్లుగా ఎక్కారు.

తలకు కొలత ఇది: బియ్యం గాని రవ్వ గాని సేమియా గాని 50 గ్రాములు, సాంబారుకు పప్పు 15 గ్రాములు, ఆ ఊళ్లో దొరికే కూరగాయలు. వండాక 150 నుంచి 200 గ్రాముల టిఫిన్, 100 మిల్లీలీటర్ల సాంబారు. సగటున 293 క్యాలరీలు, 9.85 గ్రాముల ప్రొటీన్. 2001లో సుప్రీంకోర్టు మధ్యాహ్న భోజనానికి పెట్టిన కనీస కొలత 300 క్యాలరీలని పైన చెప్పుకున్నాం. ఆనాటి భోజనమంత ఈనాటి టిఫిన్ అన్నమాట.

ఒక్క పిల్లకు 12 రూపాయల 71 పైసలు: ఈ లెక్కను ఎలా చదవాలి

మొదటి విడతలో పిల్లకు రోజుకు 12.71 రూపాయలని చెప్పారు. సరిచూద్దాం. 33.56 కోట్లను 1,14,095తో భాగిస్తే ఏడాదికి తలకు సుమారు 2,941 రూపాయలు. దాన్ని 12.71తో భాగిస్తే 231 రోజులు. బడి నడిచే రోజులకు ఇది సరిపోతుంది, లెక్క పొసగింది.

ఇదే రేటున ఏదైనా రాష్ట్రం 10 లక్షల మందికి 220 రోజులు పెడితే 280 కోట్లు అవుతుంది. సరుకుల ధరలు పెరిగి తలకు 15 రూపాయలైతే 330 కోట్లు. చిన్న మొత్తం కాదు, అలాగని రాష్ట్ర బడ్జెట్‌ను కుంగదీసేదీ కాదు.

ఇక్కడ చాలామంది పొరపడే చోటొకటి ఉంది. 2025 మే నుంచి ప్రాథమిక తరగతుల మధ్యాహ్న భోజనానికి వంట ఖర్చు తలకు 6.78 రూపాయలు. భోజనానికి 6.78 అయితే టిఫిన్‌కు 12.71 ఏమిటి, ఎక్కడో తేడా ఉందని అనుమానపడతారు. రెండూ ఒకే గాటన కట్టే అంకెలు కావు. భోజనంలో పిల్లకు 100 గ్రాముల బియ్యం కేంద్రం ఉచితంగా ఇస్తుంది, వంటవాళ్ల గౌరవ వేతనం వేరే పద్దు. ఆ 6.78 కేవలం పప్పు, కూరగాయలు, నూనె, పోపు దినుసులు, గ్యాస్ వంటివాటికి. వంట ఖర్చును కేంద్రం, రాష్ట్రం 60:40 పంచుకుంటాయి. టిఫిన్‌కు ఆ వాటా లేదు. రవ్వ, సేమియా సహా ప్రతిదానికీ రాష్ట్రమే డబ్బు కట్టాలి. ఆర్థిక పరిస్థితి బిగిసిన ఏడాది తొలుత కోత పడేది సాధారణంగా కేంద్రం వాటా లేని పద్దుల మీదే. అల్పాహార పథకాలకు ఉన్న అసలు ప్రమాదం ఇది.

60 మంది పిల్లల బడిలో ఒక పొద్దున

టిఫిన్ అంటే ఇంకో పూట భోజనం అనుకుంటే పథకం మొదటి వారంలోనే తడబడుతుంది. మధ్యాహ్నం వంటకు మూడు గంటల వ్యవధి ఉంటుంది, చుట్టూ టీచర్లు ఉంటారు, అరగంట ఆలస్యమైనా పిల్లలు బడిలోనే ఉంటారు. పొద్దున అలా కాదు. 8:15కి వడ్డన మొదలై 8:50కి పళ్లేలు కడిగేయాలి. పది నిమిషాలు ఆలస్యమైతే ప్రార్థన గంట కొడుతుంది.

గోధుమరవ్వ ఉప్మా, సాంబారు రోజును తీసుకుందాం. 60 మందికి 3 కిలోల రవ్వ, 900 గ్రాముల కందిపప్పు. రవ్వకు 8 నుంచి 9 లీటర్ల ఎసరు పడుతుంది. దిగేసరికి సుమారు 11 కిలోల ఉప్మా, అంటే తలకు 180 గ్రాములు. 6 గంటలకు పొయ్యి వెలిగించాలంటే 5:45కి బడి గేటు తాళం తీయాలి. తాళంచెవి హెడ్‌మాస్టర్ దగ్గర, ఆయన ఉండేది 20 కిలోమీటర్ల అవతల టౌనులో. కాబట్టి మొదట తేలాల్సింది మెనూ కాదు, రెండో తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలన్నది. తర్వాత నీళ్లు. ఊరి కుళాయి ఏడింటికి వచ్చే చోట 6 గంటలకు ఎసరు ఎలా పెడతారు? ముందు రోజు సాయంత్రమే డ్రమ్ము నింపి మూత పెట్టాలి. రవ్వ కూడా ముందు రోజే వేయించి పెట్టుకుంటే పొద్దున పావుగంట కలిసొస్తుంది, పురుగు పట్టిందా లేదా కూడా అప్పుడే తెలుస్తుంది. వానాకాలంలో రవ్వకు పురుగు తొందరగా పడుతుంది. నెల సరుకు ఒకేసారి దింపితే చివరి వారానికి జల్లెడ పట్టడమే పనవుతుంది, పదిహేను రోజులకొకసారి దింపడం మేలు.

6:10కి కుక్కర్‌లో పప్పు, రెండో పొయ్యి మీద ఎసరు. 7:15కి పోపు, 7:40కి ఉప్మా దించడం, 7:50కి ఎవరో ఒక పెద్దమనిషి రుచి చూడటం. ఉప్మా దింపి ముప్పావుగంట దాటితే గడ్డకడుతుంది, పిల్లలు సగం వదిలేస్తారు. పొంగలి కూడా బిగుసుకుంటుంది కాబట్టి ఇంట్లో కన్నా జారుగా దించాలి. ఇడ్లీకి పిండి ముందు రోజు రుబ్బి పులియబెట్టాలి. ఫ్రిజ్ లేని బడిలో ఏప్రిల్ నెలలో అది రాత్రికి రాత్రే పులిసి పొంగిపోతుంది, జనవరిలోనేమో పులవదు. చిన్న బడుల్లో ఉప్మా, కిచిడీ, పొంగలే ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. అన్నీ పొద్దున మొదలుపెట్టి పొద్దునే ముగించగల వంటలు.

కేంద్రీకృత వంటశాల నుంచి వ్యాన్లలో తెచ్చే పద్ధతిలో ఈ తాళాలు, నీళ్ల సమస్య ఉండదు. శుభ్రత, తూకం ఒకే తీరుగా ఉంటాయి. నగరాలకు అది నప్పుతుంది. కానీ వ్యాను చివరి బడికి 8 గంటలకు చేరాలంటే వంట తెల్లవారుజామున 3, 4 గంటలకే మొదలవ్వాలి. మూసిన డబ్బాలో ఇడ్లీ ఆవిరికి చెమర్చి జిగురవుతుంది. ఏజెన్సీ గూడెంలో వాగు పొంగితే ఆ పూట టిఫిన్ లేనట్టే. స్థానికంగా వండించడం, వంటశాల నుంచి పంపించడం, వీటిలో ఏది గొప్పదన్న వాదన కన్నా, ఏ బడికి ఎంత దూరంలో వంటశాల ఉంది అన్న కొలతే తేల్చే విషయం.

ఎవరు వండాలి, ఎంత ఇవ్వాలి

తెలుగు రాష్ట్రాల్లో మధ్యాహ్న భోజనం వండే అమ్మలకు గౌరవ వేతనం నెలకు 3,000 రూపాయలు. నెలకు 24 పని దినాలనుకుంటే రోజుకు 125. చాలా చోట్ల సరుకులు అప్పు తెచ్చి వండుతారు, బిల్లు నెలలు గడిచాక వస్తుంది. వాళ్లనే పొద్దున 6 గంటలకు రమ్మని, అదే డబ్బుకో కొద్దిపాటి పెంపుకో టిఫిన్ చేయమంటే రెండు పూటలా వంట దెబ్బతింటుంది. అలా అడగడం అన్యాయం కూడా. 125 రూపాయలకు తొమ్మిది గంటల పని ఏ కూలీ రేటుకూ సరితూగదు.

తమిళనాడు గ్రామాల్లో ఈ పనిని పాత వంటవాళ్లకు కాకుండా స్వయం సహాయక సంఘాల మహిళలకు ఇచ్చింది. ఎంపికలో పెట్టిన షరతులు ఆలోచించి పెట్టినవి: ఆ ఊరివారై ఉండాలి, తమ బిడ్డ ఆ బడిలోనే చదువుతూ ఉండాలి, ఫొటోలు పంపడానికి స్మార్ట్‌ఫోన్ ఉండాలి. తన బిడ్డ తినే పళ్లెమే కాబట్టి ఉప్మాలో పురుగును ఆ తల్లి చూస్తూ ఊరుకోదన్నది దాని వెనుక నమ్మకం.

అక్కడా అంతా సాఫీగా సాగలేదు. 2023 సెప్టెంబర్‌లో కరూర్ జిల్లాలో ఒక దళిత మహిళ వండిన టిఫిన్‌ను తమ పిల్లలు తినకూడదని కొందరు తల్లిదండ్రులు పట్టుబట్టారు. కలెక్టర్ స్వయంగా బడికి వెళ్లాల్సి వచ్చింది. బడి భోజనం కులం గోడ మీద పడే సమ్మెట అని ఊరికే అనరు, కానీ ఆ దెబ్బ తగిలేటప్పుడు వంటమ్మను ఒంటరిని చేయకూడదు. అడ్డుకుంటే చట్టం కింద ఏం జరుగుతుందో పథకం మొదలైన రోజే ఊరికి చెప్పాలి.

తెలంగాణలో ఏం జరిగింది

2023 అక్టోబర్ 6న తెలంగాణ ముఖ్యమంత్రి అల్పాహార పథకం మొదలైంది. 1 నుంచి 10వ తరగతి దాకా అందరికీ అన్నది లక్ష్యం. తమిళనాడు అప్పటికి అయిదో తరగతి దగ్గరే ఆగింది, కాబట్టి ఆశయం పెద్దదే. మెనూలో ఇడ్లీ, పూరీ, ఉప్మా, పొంగలి, చిరుధాన్యాల ఇడ్లీ ఉన్నాయి. మూడు రోజులకే, అక్టోబర్ 9న అసెంబ్లీ ఎన్నికల షెడ్యూలు వచ్చింది. డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. అప్పటికి కొద్ది బడులకే చేరిన పథకం ముందుకు సాగలేదు.

దీన్ని రెండు రకాలుగా చదువుతారు. ఎన్నికల ముంగిట తెచ్చిన పథకం కాబట్టి పునాది లేదని ఒకరు, మంచి పథకాన్ని కొత్త ప్రభుత్వం వదిలేసిందని మరొకరు. రెంటిలోనూ కొంత నిజముంది. అయితే తమిళనాడులో మొదటి విడత పాఠం నేర్చుకోవడానికి దొరికిన వ్యవధి దాదాపు ఏడాది. తెలంగాణలో దొరికింది మూడు రోజులు. రెండూ పోల్చదగిన ప్రయోగాలు కావు. తెలంగాణలో టిఫిన్ విఫలమైందని అనేవాళ్లు ఈ సంగతి మరిచిపోతున్నారు, అక్కడ అది పరీక్షకే నిలవలేదు.

నిజంగా ఫలితం ఉంటుందా

హాజరు విషయంలో ఉంటుందనే చెప్పొచ్చు. తమిళనాడు ప్రణాళికా సంఘం చూసిన 1,543 మొదటి విడత బడుల్లో 1,319 చోట్ల హాజరు పెరిగింది. ఇది ముందూ తర్వాతా పోలిక మాత్రమే, టిఫిన్ లేని బడులతో పోల్చి చూసింది కాదు. కాబట్టి పెరుగుదలంతా టిఫిన్ ఖాతాలో వేయలేం.

గట్టి పోలిక కావాలంటే జమైకా చూడాలి. అక్కడి పల్లెల్లో 16 బడుల్లో దాదాపు 800 మంది పిల్లలను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ఏడాది పాటు టిఫిన్, రెండో జట్టుకు నారింజ పండులో పావు ముక్క ఇచ్చారు. 1998లో ఫలితాలు అచ్చయ్యాయి. టిఫిన్ జట్టులో ఎత్తు, బరువు, హాజరు కొద్దిగా పెరిగాయి. చిన్న తరగతుల పిల్లలు లెక్కల్లో మెరుగయ్యారు, చదవడంలోనూ స్పెల్లింగులోనూ తేడా రాలేదు. ఇంగ్లండ్‌లో 2016లో వెలువడిన 106 బడుల అధ్యయనంలో ఆరేడేళ్ల పిల్లలు సుమారు రెండు నెలల చదువంత ముందుకెళ్లారు. తరగతిలో అల్లరి తగ్గి, టిఫిన్ తినని పిల్లలకూ మేలు జరిగినట్టు కనిపించింది.

అంటే టిఫిన్ మాయాజాలం కాదు. లాభం చిన్నది, నమ్మదగినది, చిన్న పిల్లల్లో ఎక్కువ. డబ్బు కొద్దిగానే ఉంటే ఒకటి నుంచి అయిదు తరగతులతో మొదలుపెట్టడానికి ఇదే ఆధారం.

పేదలకే పెట్టాలా, బడిలో అందరికీనా

పేద పిల్లలకే పరిమితం చేస్తే డబ్బు మిగులుతుందన్న వాదన వినడానికి సబబుగా ఉంటుంది. కానీ ప్రభుత్వ బడిలో కలిగినవారి పిల్లలు ఎంతమంది? వాళ్లను ఏరడానికయ్యే శ్రమకే ఆ మిగులు చెల్లు. పైగా పేరు పిలిచి కొందరినే కూర్చోబెడితే, ఆకలేసినా రాని పిల్లలుంటారు. తొమ్మిదేళ్ల పిల్లకు కూడా పరువుంటుంది. అమెరికాలోనూ ఇదే అనుభవం. బడి మొదలవకముందు విడిగా కూర్చోబెట్టి పెట్టిన దానికన్నా, గంట కొట్టాక తరగతిలోనే అందరికీ ఇచ్చినప్పుడు తినేవాళ్ల సంఖ్య పెరిగింది.

అసలు బయట మిగిలిపోతున్నది వేరే గుంపు: అప్పు చేసి ఫీజు కట్టి చిన్న ప్రైవేటు బడికి పంపుతున్న కూలీల పిల్లలు. వాళ్లకు బడి భోజనం ఏదీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో తల్లికి వందనం డబ్బు వాళ్లకూ అందుతుంది, కాబట్టి తిండి బదులు నగదే మేలని కొందరంటారు. నగదు ఫీజుకు, అప్పుకు, మందులకు పోతుంది. తల్లిని తప్పుపట్టడానికి వీల్లేదు, ఆ అవసరాలూ నిజమైనవే. నగదు చేయలేని పనొకటుంది: ఏడింటికి పనికి వెళ్లిన తల్లి స్థానంలో నిలబడి 8:15కి వేడి ఉప్మా వడ్డించడం.

వండే మనిషి, గ్యాస్ లేని బడులకు విద్యా విధానం చెప్పిన పల్లీ బెల్లం మార్గం ఉంది. 30 గ్రాముల పల్లీలు, 10 గ్రాముల బెల్లం కలిస్తే 200 క్యాలరీలు దాటుతుంది, 7 గ్రాములకు పైగా ప్రొటీన్ వస్తుంది. పొయ్యి అక్కర్లేదు, తాళంచెవి గొడవ లేదు. ముక్కిపోయిన పల్లీలు, బూజు పట్టినవి రాకుండా చూడటమే అసలు జాగ్రత్త. వాటిలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, వేయించినా అది పూర్తిగా పోదు. సంచి విప్పగానే గుప్పెడు తీసి విరిచి చూడాలి, లోపల నల్లగానో పచ్చగానో ఉన్నా, నాలుకకు చేదు తగిలినా ఆ సంచి మొత్తం వెనక్కి పంపాలి.